కూలర్‌కు కట్టిన బొంత

"అమ్మో! బాణామతి!"

పొద్దున్నే ఇంటి వెనక నుంచి అత్త ఐలవ్వ కేక వినబడింది. పద్మలత పిల్లను చంకనేసుకొని పరుగెత్తింది.

కిటికీకి బిగించిన కూలర్‌ను ఎవరో బయట నుంచి చిన్న బొంతతో మూసి, తాడుతో గట్టిగా కట్టిపోయారు.

"ఎర్ర చీర ముక్కలతోని కుట్టిండ్రు సూడు. పసిపిల్లల బొంత! ఎవలి కండ్లు పడ్డయో మన పిల్ల మీద!"

పద్మలత భర్త నాగరాజుకు వేరే ఫికర్ ఉంది.

"బాణామతి మన మీద కాదవ్వా, మీటరు మీద చేసిండ్రు. ఒక్క హీటర్‌కు గంత బిల్లు వస్తదా?"

ఇచ్చోడ ఊరి చలి మామూలు చలి కాదు. దసరాకు ఈ కిరాయి ఇంట్లో దిగారు. కూలర్ ఇంటితోపాటే వచ్చింది. రోజూ రాత్రంతా హీటర్ మండుతూనే ఉంటుంది, నాలుగు నెలల పిల్ల దగ్గుతూనే ఉంటుంది.

ఐలవ్వ బొంతను కట్టెతో ఎత్తి, వాకిట్లో చలిమంటలో పడేసింది.

"అత్తమ్మా, నిన్న రాత్రి మాత్రం పిల్ల దగ్గలే. నడుమ హీటర్ బంద్ చేసినా సలి పెట్టలే" అంది పద్మలత.

"గదే మాయ!" అంది ఐలవ్వ.

మర్నాడు అదే కూలర్‌కు గోనెసంచి కనిపించింది. ఐలవ్వ దాన్నీ పీకేసింది. పద్మలతకు మాత్రం భయం కన్నా ఆరాటం ఎక్కువైంది. సాయంత్రం వెనక తలుపు చాటున కాపు కాసింది.

ముప్పై ఏళ్ల ఆడమనిషి ఒకామె సంచి పట్టుకొని మెల్లగా వచ్చింది.

"ఎవలక్కా నువ్వు?"

ఆమె ఉలిక్కిపడింది.

"కూలర్ సందులల్లకెళ్లి సలిగాలి లోపటికి కొడ్తదమ్మా. ఎండకాలం పోయినంక తియ్యాలె, లేకుంటె మూసెయ్యాలె. గట్లనే ఉంచి హీటర్ ఎంత పెట్టినా దండగ."

"గీ ముచ్చట ఇంట్లకొచ్చి చెప్పద్దా? రా, జర చాయ్ తాగుదువు."

ఆమె వెనక్కి జరిగింది.

"పసిపిల్ల ఉన్న ఇంట్లకు నేను రావద్దు."

"ఎందుకక్కా?"

జవాబు చెప్పేలోపే ఐలవ్వ చీపురు పట్టుకొని ఊడిపడింది.

"దొరికినవా! మా పిల్లకేం జేసినవే?"

దారిన పోయేవాళ్లంతా పోగయ్యారు. తలా ఒక మాట అన్నారు. ఆమె సంచి అక్కడే వదిలి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వెళ్లిపోయింది.

పద్మలతకు మనసు చివుక్కుమంది. అత్త ఎంత తిట్టినా వినకుండా ఆ సంచిని తనే కూలర్‌కు కట్టింది.

పిల్ల దగ్గు తగ్గింది. బొంత కాల్చి దిష్టి తీసింది తనే కదా అని ఐలవ్వ మురిసిపోయింది. తర్వాతి నెల బిల్లు సగానికి సగం తగ్గింది. నాగరాజుకు ఇప్పుడు మరో పరేషాన్ పట్టుకుంది.

"మీటరు ఆగిపోయినట్టున్నది. రేపు అంతా కలిపి ఒక్కసారే గుంజుతరు!"

ఇంటి ఓనరు హనుమండ్లును పిలుచుకొచ్చాడు.

హనుమండ్లు మీటరు చూశాడు. బాగానే ఉంది. ఇంటి వెనక్కి వెళ్లి, కూలర్‌ను చూసి ఆగిపోయాడు.

"గీ సంచి ఎవలు కట్టిండ్రు?"

పద్మలత జరిగిందంతా చెప్పింది.

"ఆమె ఎవలు కాకా? జర తోల్కరారాదు? ఇంట్ల కూసోవెట్టి బొట్టు పెడ్త."

"రోజారాణి అయ్యుంటది. మీకన్న ముందు గీ ఇంట్ల ఉండె, తర్వాత వేరే వాడకు మారిండ్రు. పోయిన వారమే ఆలుమొగలు నాందేడ్ పోయిండ్రు. ఇగ రారు."

"మరి పసిపిల్ల ఉన్న ఇంట్లకు రానన్నదెందుకు?"

హనుమండ్లు తల దించుకున్నాడు.

"చెప్తె ఇల్లు కిరాయికి పోదని చెప్పలే బిడ్డా. పోయిన సలికాలం గా కూలర్ కిందనే ఊయల కట్టుకున్నది. పిల్లకు నిమ్ము చేసింది. దక్కలే."

ఐలవ్వ కూలర్‌కు కట్టిన సంచిని చేత్తో తడిమింది.

"మరి... గా ఎర్ర బొంత?"

"పిల్ల బట్టలన్నీ పిల్లతోనే మట్టిల పెట్టినా, గదొక్కటి మాత్రం ఎవ్వలకు ఇయ్యకుండ దాసుకున్నదమ్మా" అన్నాడు హనుమండ్లు.