ఫ్రాన్సు సంచి

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు.

మంచం మీద ఆరోగ్యమ్మ, వంటింట్లో ఆమె కోడలు తెరేసా, గడప దగ్గర అలిగి కూర్చున్న మనవరాలు లూర్దు, సంచి వచ్చిందేమో చూసి పోదామని వచ్చిన పక్కింటి సత్యవతి.

లూర్దు తండ్రి పెదబాబు ఆఫీసుకి వెళ్లాడు.

మర్నాడు బడి తెరుస్తారు. ఫ్రాన్సు సంచి ఇంకా రాలేదు.

ఆరోగ్యమ్మ చిన్నకొడుకు ఆంథోనీ ఫ్రెంచి పటాలంలో చేరి ఫ్రాన్సు వెళ్లాడని యానాంలో ఆ వీధివాళ్లందరికీ తెలుసు. వెళ్లినవాడు మళ్లీ రాలేదు. ఏటా బడి తెరిచే ముందు మాత్రం పాండిచ్చేరి నుంచి వచ్చే లారీ డ్రైవరు లూర్దుకు ఒక గుడ్డ సంచి తెచ్చి ఇచ్చేవాడు.

గట్టి ఖాకీ గుడ్డ. ఎక్కడా కుట్టు ఉండదు. అంచులు మడిచి అంటించి, కన్నాలు పెట్టి, వాటిలోంచి తాడు లాగి ముడులు వేసి ఉంటుంది. మూత మీద ఎర్రగుడ్డ కత్తిరించి అతికించిన అక్షరాలతో లూర్దు పేరు.

ఫ్రాన్సులో సూదీదారం పట్టుకోవడం మోటు పని అనీ, అక్కడ గుడ్డని గుడ్డకి మిషనే అతికిస్తుందనీ తెరేసా అందరికీ చెప్పింది. చెప్పగా చెప్పగా తనూ నమ్మింది. దర్జీ కుట్టిన సంచులు తెచ్చుకునే పిల్లల పక్కన కూర్చోవడానికి లూర్దు ముక్కు చిట్లించేది.

ఈసారి ఇంకా పెద్ద సంచి వస్తోందని క్లాసంతటికీ చెప్పేసింది. అది లేకుండా బడికి వెళ్లనని ఇప్పుడు మొండికేసింది.

అప్పుడు ఒకామె గుమ్మం ముందు ఆగింది. వెలిసిన చీర, కాళ్లనిండా దుమ్ము, చంకలో పాత పేపరు చుట్టిన పొట్లం.

"ఆరోగ్యమ్మగారి ఇల్లు ఇదేనా?" మాటలో అరవ యాస ఉంది.

తెరేసా చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆమెను ఎగాదిగా చూసింది. ఆమె ఏదో చెప్పబోయింది.

ఇంతలో మంచం మీంచి ఆరోగ్యమ్మ గొంతు వినిపించింది.

"ఎవరే? ఆంథోనీ సంచి పంపేడా?"

"కాదత్తయ్యా. ఎవరో అరవామె."

"పంపుతాడే. ప్రాణంతో ఉండగా నా కొడుకు ఈ ఇంటిని మర్చిపోడు."

చెప్పబోయిన మాట గుమ్మంలో ఉన్నామె చెప్పలేదు. పొట్లం విప్పింది.

ఖాకీ సంచి.

లూర్దు లేచి నిలబడింది.

మూత మీద చివరి అక్షరం సగం ఊడి వేలాడుతోంది. బస్సులో చెమ్మ తగిలి ఊడిందనీ, కాస్త మైదా ఉడికించి ఇచ్చి, ఇస్త్రీపెట్టెలో నాలుగు నిప్పులు వేస్తే అతికించేస్తాననీ ఆమె అంది.

తెరేసా సత్యవతి వైపు తిరిగి నవ్వింది.

"చూసేవా వదినా? మా మరిది పంపే సంచికి అప్పుడే నకలు దింపేసేరు. పిల్ల పేరుతో సహా."

గోడకి తగిలించిన పాత సంచి వీధిలోకి కనిపిస్తూనే ఉంది కదా, పేరు చదువుకుని పోవడం ఎంతసేపు అంది సత్యవతి.

సూది పట్టడం కూడా చేతకాదా అని తెరేసా అడిగింది. చేతకాదని ఆమె ఒప్పుకుంది. ఇస్త్రీ బండి దగ్గర బతికిన మనిషిననీ, జిగురూ వేడీ తప్ప మరేమీ తెలియవనీ చెప్పింది.

"ఇస్త్రీ బండిదానికి ఫ్రాన్సు పనితనం కావలసి వచ్చింది" అంది తెరేసా.

అయినా ఊరికే అయ్యే పనిని కాదనడం ఎందుకని అరుగు మీద కూర్చోమంది.

ఆమె వేలితో జిగురు రాసింది. అక్షరాన్ని మధ్యలోంచి అంచులకి నొక్కుకుంటూ వచ్చింది. పైన తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనించింది. ఆవిరి చేతికి కొడుతున్నా కదపలేదు.

లూర్దు పాత సంచి తెచ్చి పక్కన పెట్టుకుని చూసింది. తాడు ముడి రెండింటికీ ఒక్కలాగే ఉంది. కొస లోపలికి దోపిన తీరూ ఒక్కటే.

"అమ్మా, ఇది నకలు కాదేమో."

"నువ్వూరుకో."

ఆమె సంచిని లూర్దు భుజానికి తగిలించింది. ఇంత ఇవ్వమని అడగలేదు. దాంతో తెరేసాకి అనుమానం ఇంకా పెరిగింది.

"అక్కా, అత్తయ్యని ఒక్కసారి చూసి వెళ్లిపోతాను. ఏమీ మాట్లాడను."

"నేను నీకు అక్కనీ, మా అత్త నీకు అత్తానా? రేపొచ్చి ఇంట్లో వాటా అడుగుతావేంటే?"

సత్యవతి పగలబడి నవ్వింది.

ఆ నవ్వుకి ఆరోగ్యమ్మ మళ్లీ కేకేసింది. సంచి సంగతేమిటని అడిగింది. అత్త నోరు మూయించడానికి తెరేసా సత్యవతికి కన్ను గీటి, లోపలికి అరిచింది.

"వచ్చిందత్తయ్యా. మీ అబ్బాయి పంపేడు. ఇంక పడుకోండి."

"చెప్పేనా?" అంది ఆరోగ్యమ్మ. ఆ గొంతులో ఎంత సంతోషమో వీధిలోకి వినిపించింది.

బయట ఆమె పైట చెంగుతో కళ్లొత్తుకుంది. వెళ్లిపోతున్నదల్లా ఆగి, గడప మీద చెయ్యి వేసి లోపలికి చూసింది. మంచం కోడు తప్ప ఏమీ కనిపించలేదు.

లూర్దు మళ్లీ ఏదో అనబోయింది.

తెరేసా ఆ చేతిని గడప మీంచి తోసేసి, పాండిచ్చేరి దాటి ఎక్కడికీ వెళ్లని ఆంథోనీతో కాపురం చేసి, అతన్ని అక్కడే మట్టిలో పెట్టి, ఆ తర్వాత కూడా అతని పేరు మీద ఈ ఇంటికి సంచి పంపుతూ వచ్చిన తన తోడికోడలి మొహం మీద తలుపు వేసింది.