ఆ వయసు మాత్రలు

వార్తల మధ్యలో టీవీ టక్కున ఆగిపోయింది. కరెంటు పోయిందేమోనని లిఫ్టుల మెకానిక్ తలెత్తి చూశాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఊడబీకిన ప్లగ్గు చేత్తో పట్టుకుని అతని భార్య నిలబడి ఉంది.

"ఈ ఇంట్లో ఆ టీవీ అయినా ఉండాలి, నేనైనా ఉండాలి. తేల్చుకోండి."

"సౌండు తగ్గించమంటే తగ్గించేవాణ్ణి కదా."

"నాలుగుసార్లు పిలిచాను. వినపడితేగా."

ప్లగ్గు కింద పడేసి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

అతనికి ఏమీ పాలుపోలేదు. ఆమె స్కూల్లో అరవై మంది పిల్లలకి లెక్కలు చెబుతూ కూడా గొంతు పెంచని మనిషి. అలాంటిది మూడు నెలలుగా ఇదే వరస. తెల్లవారకముందే లేచి వంటింట్లో కూర్చుంటోంది. తనలో తను ఏదో గొణుక్కుంటోంది. కూరలో ఒకరోజు ఉప్పు రెండుసార్లు వేస్తోంది, ఇంకోరోజు అసలు వెయ్యడం లేదు. మొన్నయితే ఫోను చూసుకుంటూ కళ్లొత్తుకుంది. ఏమైందని అడిగితే ఏం లేదంది.

బాల్కనీలోకి వెళ్లి అక్కకి ఫోన్ చేశాడు.

"మరదలికి ఎన్నేళ్లురా?" అంది అక్క అంతా విని.

"యాభై ఒకటి."

"మరింకేం. నెలసరి ఆగే వయసు. నిద్ర ఉండదు, ఊరికే కోపం, ఊరికే ఏడుపు. నేను పడలేదూ? మందుల షాపులో అడుగు, సోయాతో చేసిన మాత్రలుంటాయి."

అతని ప్రాణం కాస్త కుదుటపడింది. లిఫ్టు ఎక్కడ పట్టేసిందో తెలిస్తే సగం రిపేరు అయిపోయినట్టే.

మందుల షాపులో ఇద్దరు మగవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లు వెళ్లిపోయేదాకా దగ్గు మందుల అట్టపెట్టెలన్నీ చదివాడు. తర్వాత కౌంటరు మీదికి వంగి, లోపలున్న అమ్మాయితో గొంతు తగ్గించి అన్నాడు.

"మా ఆవిడకి ఆ వయసు మాత్రలు కావాలమ్మా."

"ఏ వయసు సార్?"

"అదే. ఆగిపోయే వయసు."

ఆమెకి అర్థమైంది. మూడు సీసాలు తెచ్చి ముందు పెట్టింది. ఒకటి సోయాది, ఒకటి ఏదో వేరుతో చేసింది, మూడోది ఎముకల బలానికట. మూడింటి మీదా ఒకేలాంటి నవ్వు మొహం ఆడమనిషి బొమ్మ ఉంది. ఏది ఎందుకో అతనికి అంతుపట్టలేదు.

"ఆవిడకి నెలసరి ఆగి ఎన్నాళ్లయింది సార్?"

అతను తల గోక్కున్నాడు.

"ఒంట్లోంచి ఉన్నట్టుండి ఆవిర్లొస్తున్నాయా? చెమటలు పడుతున్నాయా?"

"చెమటలంటే, ఈ ఎండలకి అందరికీ పడుతున్నాయి కదా."

"వేరే మందులేమైనా వాడుతున్నారా?"

"పొద్దున్నే ఒక మాత్ర వేసుకుంటుంది."

"ఏం మాత్ర?"

"తెల్లది."

ఆమె చేతిలో పెన్ను పక్కన పెట్టేసింది. "సార్, ఇవి కొందరికి పనిచేస్తాయి, కొందరికి చెయ్యవు. వాడుతున్న మందులతో పడకపోవచ్చు కూడా. ముందు ఆవిణ్ణి డాక్టరుకి చూపించండి."

"చూపిస్తాను. ప్రస్తుతానికి ఆ సోయాది ఇవ్వమ్మా." ఉత్త చేతులతో ఇంటికెళ్లే ధైర్యం అతనికి లేదు.

దారంతా ఒకటే ఆలోచన. ముప్ఫై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉన్న మనిషి గురించి ఎవరో పరాయి పిల్ల నాలుగు ప్రశ్నలడిగితే, ఒక్కదానికీ తిన్నగా జవాబు చెప్పలేకపోయాడు.

ఇంటికెళ్లేసరికి ఆమె భోజనాల బల్ల దగ్గర జవాబు పత్రాలు దిద్దుకుంటోంది. కోపం తగ్గినట్టే ఉంది. అతను సీసా తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె కళ్లజోడు సర్దుకుని, అట్ట మీది సన్న అక్షరాలతో సహా మొత్తం చదివింది.

"ఎవరికివి?"

"నీకే. అక్క చెప్పింది. ఆ వయసు కదా. నిద్ర పట్టదట, కోపమొస్తుందట. నీ తప్పేం లేదు, అది ఒంటి గుణం."

ఆమె అతని మొహంలోకి అలాగే చూసి, చిన్నగా నవ్వింది. అరుస్తుందనుకున్న మనిషి నవ్వేసరికి అతనికి ఇంకా అయోమయంగా అనిపించింది.

"అదంతా అయిపోయి నాలుగేళ్లయిందండీ."

"ఏది?"

"నెలసరి ఆగడం. రెండేళ్లు అవస్థ పడ్డాను. బోర్డు మీద లెక్క చేస్తుంటే అరచెయ్యి చెమటకి సుద్దముక్క తడిసి ముద్దయ్యేది. డాక్టరు దగ్గరికి నేనే వెళ్లాను, మందులు నేనే తెచ్చుకున్నాను."

"నాకు చెప్పలేదే."

"చెప్పాను. ఆడవాళ్లందరికీ వచ్చేదేగా అని అటు తిరిగి పడుకున్నారు."

ఆ మాట అన్నట్టు అతనికి గుర్తు లేదు. కానీ వింటుంటే తన మాటలాగే ఉంది. కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"తప్పే," అన్నాడు. "మరి ఈ మూడు నెలలుగా ఏమిటిది? చీకటితో లేవడం, గొణుక్కోవడం. పద, డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఈసారి నేనూ వస్తాను."

"జబ్బు కాదండీ, చదువు. హెడ్మిస్ట్రెస్ పరీక్ష రాశాను. మొన్ననే ఫలితాలొచ్చాయి, పాసయ్యాను. పోస్టింగు కూడా ఇచ్చేశారు."

అతని మొహం వెలిగిపోయింది. "ఎంత మంచి కబురు. ఏ స్కూల్లో ఇచ్చారు?"

ఆమె జవాబు పత్రాలన్నీ ఒక దగ్గర పేర్చి దారం కట్టింది.

"ఇక్కణ్ణుంచి రైల్లో తొమ్మిది గంటలు. సోమవారం చేరాలి, టిక్కెట్టు ఒకటే తీశాను."