మధ్యలో జహీర్

జమ్మలమడుగు దాటకముందే జహీర్‌కు సంగతి అర్థమైపోయింది. తన ఆటో ఎక్కిన ఇద్దరికీ మాటల్లేవు.

నడుము పట్టుకుని మెలికలు తిరుగుతున్న మనిషి పేరు నాగేంద్ర. నలభైకి దగ్గర. ఉన్నట్టుండి నొప్పి వచ్చిందట. రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చి ఆటో ఆపింది వనజమ్మ, అరవై దాటిన మనిషి. అతణ్ణి నడిమి సీట్లో కూర్చోబెట్టించి, తను పోయి వెనక బల్ల మీద అటు తిరిగి కూర్చుంది.

"ప్రొద్దుటూరికి పోనీ అప్పా, ఆడ తెలిసిన డాక్టరుండాడు. ఆయప్పను రెండు గుక్కలు నీళ్లు తాగమను."

"వద్దని చెప్పప్పా," అన్నాడు నాగేంద్ర.

ఇద్దరి వీపులకూ మధ్య జానెడు దూరం లేదు. మాట మాత్రం జహీర్ దాకా వచ్చి మళ్లీ వెనక్కి పోవాలి.

"నొప్పి యాడుందో అడుగు."

జహీర్ అడిగాడు. నాగేంద్ర ఓరగా వెనక్కి చూసి, తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

"పోనీ కాళ్లు చాపుకోని పండుకోప్పా. సీటంతా ఖాళీనే కదా," అన్నాడు జహీర్.

"పర్వాలేదులే."

చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. అయినా నిటారుగా కూర్చున్నాడే తప్ప ఒక్క మూలుగు బయటికి రానివ్వలేదు. ఏం పంతం రా నాయనా అనుకున్నాడు జహీర్. కాసేపటికి పళ్ల బిగువున ఒక మాట వచ్చింది.

"పెద్దామెకు ఎండ కొడుతాందేమో చూడప్పా."

పాణం మీదికొచ్చినా ఎత్తిపొడుపులేనా! జహీర్ ఉండబట్టలేక ఆమెనే అడిగేశాడు.

"ఎన్నేండ్ల నుంచి మాటల్లేవమ్మా?"

"పదకొండేండ్లు. ఆయప్ప మా వాకిట్లోకి వచ్చినాడంటే నేను లోపలికి పోతా."

గట్టు తగాదానో, బోరు తగాదానో. ఎవరి గుట్టు వారిదని జహీర్ ఆపైన అడగలేదు. ఆమె మాత్రం ఫోను తీసి, పులివెందులలో ఉన్న కూతురు ప్రశాంతిని నేరుగా ప్రొద్దుటూరికే రమ్మంది.

ఆస్పత్రిలో ఇంకో తంటా. నొప్పి ఎక్కడని డాక్టరు ఎన్నిసార్లు అడిగినా నాగేంద్ర నోరు మెదపడు. వనజమ్మ నిలబడిన వైపు చూస్తాడు, తల దించుకుంటాడు.

"చెప్పకపోతే నేనేం చేయాలయ్యా? ఆలస్యమైతే నీకే కష్టం," డాక్టరు విసుక్కున్నాడు.

"నేను బయటికి పోతాండా, ఇంకన్నా నోరిప్పమను," అని జహీర్‌తో చెప్పి వనజమ్మ వెళ్లిపోయింది.

తలుపు పడిందో లేదో, "సచ్చిపోతాండా సారూ!" అని ఆస్పత్రి అదిరేలా కేక. నొప్పి నడుములో మొదలై, చెప్పుకోరాని చోటికి దిగిందట. కిడ్నీలో రాయి. ఇంజక్షను పడింది, సెలైను ఎక్కింది, గంటన్నరకు మనిషి తెరిపిన పడ్డాడు.

బయట వనజమ్మ కళ్లు ఒత్తుకుంటూ గండి ఆంజనేయస్వామికి మొక్కుకుంటోంది. పగవాడి కోసం ఏడ్చే మనిషిని జహీర్ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. మనసు కరిగిపోయింది. ఈ పగ ఈరోజుతో తెగాల్సిందే, తెంచేది తనే.

"రామ్మా, ఒక్క మాట మాట్లాడు. పోయేటప్పుడు ఏం కట్టుకోని పోతాం?" అంటూ వద్దంటున్నా వినకుండా ఆమెను మంచం దాకా తీసుకొచ్చాడు.

ఆమెను చూడగానే నాగేంద్ర సెలైను సూదితో సహా లేచి మంచం దిగబోయాడు. ఆమె గబుక్కున కొంగు కప్పుకుని తలుపు చాటుకు దూరింది. కొట్టుకుంటారేమోనని జహీర్ రెండు చేతులూ చాచి మధ్యలో నిలబడ్డాడు.

అంతలో పులివెందుల బస్సు దిగిన ప్రశాంతి రొప్పుకుంటూ వచ్చింది.

"అక్కా, నువ్వన్నా మీ అమ్మకు చెప్పు! పగ ఇడిసిపెట్టి ఆయప్పతో ఒక్క మాట మాట్లాడమను," జహీర్ బతిమాలాడు.

ప్రశాంతి నాగేంద్ర నుదుటి చెమట కొంగుతో తుడుస్తూ పడీపడీ నవ్వింది: "పగ యాడిదప్పా, ఈయన నా మొగుడు, మా ఇండ్లల్లో అత్త యాడన్నా అల్లునికి ఎదురుపడి మాట్లాడుతాదా?"