మూడోసారి అడగని ఇల్లు

“నాన్నా, క్రూజ్‌కి వెళ్దాం,” అంది ఇందుమతి.

“కూజా ఎందుకే, ఫ్రిజ్‌లో నీళ్ళున్నాయిగా,” అన్నాడు పరాంకుశం. ఓడ అని తెలిశాక ఒడ్డునే ఊగిపోయాడు.

అప్పటికి ఇళ్ళన్నీ మాట్లాడడం నేర్చాయి. ప్రయాణాల ఏర్పాట్లన్నీ వాటివే. విశాఖ నుంచి మూడు రోజుల ఓడకి ఎవరెవరు వస్తారని ఇల్లు అడిగింది.

“నాకెందుకులెండి,” అన్నాడు కొత్తల్లుడు శ్రీకర్. ఇల్లు మళ్ళీ అడిగింది. “వద్దులెండి,” అన్నాడు.

ఇల్లు మూడే టికెట్లు తీసింది. ఓడ కోసం నల్లకళ్ళద్దాలు కొనుక్కున్న శ్రీకర్‌కి ఆ పూట ముద్ద దిగలేదు.

అతని పళ్ళెం చూసి అత్తగారు కనకవల్లికి సంగతి అర్థమైంది.

“మా అల్లుడి టికెట్ ఏదీ?”

“రెండుసార్లు వద్దన్నారమ్మా,” అంది ఇల్లు.

“అల్లుడి మొదటి రెండు వద్దులూ మర్యాదకి. మూడోసారి అడిగితే వచ్చేదే ఆయన మాట,” అని కనకవల్లి అందరూ వినేలా చెప్పింది.

“బాబుగారూ, ఒక్క టికెట్టే మిగిలింది. వస్తారా?” అని ఇల్లు అడిగింది.

“మీరింతగా అడుగుతుంటే...” అన్నాడు శ్రీకర్, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

ఇల్లు టికెట్ తీసి, “మరి అయ్యగారు రోజూ మాత్ర వద్దంటారే?” అంది.

“మాత్ర మాత్రం అడక్కుండా ఇచ్చెయ్,” అంది కనకవల్లి.