అమ్మమ్మ గిన్నె

ఆ రాత్రి ల్యాబులో నేనొక్కదాన్నే. గాజుగిన్నెలో ఉన్నవి మతిమరుపు జబ్బుతో మంచానపడ్డ అమ్మమ్మ చర్మం నుంచి పెంచిన మెదడు కణాలు. వాటిని సాకాల్సిన ఆస్ట్రోసైట్లనే తోడు కణాలే ఆ జబ్బులో వాటి ప్రాణం తీస్తాయి, కంచే చేను మేసినట్టు. అందుకే నిన్న జబ్బులేని ఆస్ట్రోసైట్లను ఆ గిన్నెలో ఆయాలుగా పెట్టాను.

వెచ్చటి పెట్టెలోంచి గిన్నె బయటికి తెచ్చి, మూత తీసి, కణాల సంకేతాలు వినిపించే స్పీకరుకి తగిలించాను. ఇన్నాళ్లూ మూగగా ఉన్నవి టకటకమన్నాయి. మూడు గబగబా, కాస్త ఆగి ఒకటి. అచ్చం అమ్మమ్మ తలుపు కొట్టినట్టే. నవ్వొచ్చింది.

అప్పుడే ఇంటినుంచి అమ్మ ఫోన్ చేసింది.

"అమ్మమ్మ లేచి కూర్చుందే. ఇన్నాళ్లకి నీ పేరు గుర్తొచ్చింది."

"నిజంగానా? ఏమంటోంది?"

"చలేస్తోంది, మూత పెట్టెయ్యవే అని నవ్వుతూ నిన్నే అడుగుతోంది. ఏం మూతే అది?"

మూత నా చేతిలోనే ఉంది.