అరిగిన అంచు

బండి కిందికి దూరిన టైర్లక్క ముక్కుకి మోచెయ్యి అడ్డం పెట్టుకుంది.

పైకి పెళ్ళికూతురులా ఉంది ఆ పాతకాలం కారు. తేనెరంగు పెయింటులో మొహం చూసుకోవచ్చు. కింద మాత్రం పాత గ్రీజు, దాని మీద కొత్త గ్రీజు, దాని మీద బురద, ఆ బురదలో ఎండి అతుక్కుపోయిన ఎలక తోక. పైన పటారం, లోన లొటారం.

"ఛీ" అనుకుంటూ బయటికొచ్చి చేతులు గుడ్డకి తుడుచుకుంది.

"చూశావామ్మా? ఏడాది కూడా కాలేదు ఆ టైరు వేయించి. లోపలంచు బోడిగుండు అయిపోయింది!" అన్నాడు కారాయన. కుర్చీ మీద రుమాలు పరిచి, దాని మీద కూర్చున్నాడు. షెడ్డు తనకెక్కడ అంటుకుంటుందో అన్నట్టు ముడుచుకుని ఉన్నాడు. ఆయన పూసుకున్న సెంటు ముందు పెట్రోలు వాసనే నయమనిపించింది ఆమెకి.

"సస్పెన్షన్ పని ఎవరు చేశారండీ?"

"మా బామ్మర్ది. వాడికి కార్లంటే సరదా. వీడియోలు చూసి మొత్తం వాడే విప్పి బిగించాడు. అప్పట్నుంచే ఈ అరుగుడు."

"బిగించలేదండీ. ఊడిపోకుండా ఇరికించారు."

వీధి వీధంతా ఆమెని టైర్లక్క అనే పిలుస్తుంది. షెడ్డు నాన్నది. నాన్న జాకీ ఎత్తుతాడు, దించుతాడు. వానలప్పట్నుంచీ మాటలు తగ్గించేశాడు. ఆమె ఏ బండి వచ్చినా టైర్లు కడిగి, వేళ్ళతో తడిమి గానీ వదలదు. ఉత్త గాలి కొట్టించుకోడానికి వచ్చినవాళ్ళకీ ఇదే మర్యాద. ఈమధ్యే పట్టుకుంది ఈ పిచ్చి అని పక్క షాపులవాళ్ళు నవ్వుకుంటారు.

మళ్ళీ కిందికి దూరింది. చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప చెయ్యికి ఒక పక్క వాషర్ల మీద వాషర్లు. రెండో పక్క అసలు లేవు. పిన్ను ఉండాల్సిన చోట బట్టలారేసే తీగ ముక్క. కుదుపు తినే రబ్బరు బుష్‌లకి గ్రీజు పూశాడు మహానుభావుడు. అవి ఉబ్బి, మెత్తబడి, వేలు పెడితే పుండులా జారుతున్నాయి.

"మీ ఎడమ చక్రం తల లోపలికి వాల్చేసిందండీ. పాదం ఒక అంచు మీదే వేసి నడిచేవాడి చెప్పు ఎలా అరుగుతుంది? ఇదీ అంతే. మీరు తిన్నగా పోతున్నామనుకుంటారు. అది పక్కకి ఈడుస్తూ ఉంటుంది."

"వాడి మొహం! కోతి చేతికి కొబ్బరికాయ ఇచ్చాను."

"ఎక్కడైనా గట్టిగా తగిలిందా బండి?"

"అబ్బే." కింద పరిచిన రుమాలు సర్దుకున్నాడు. "వానల్లో ఓసారి కుక్క అడ్డొచ్చింది. దాని వల్ల కాదులే, అప్పటికే ఇలా అరుగుతోంది. వెధవ కుక్కలు, పట్టపగలే అడ్డంపడి చస్తాయి. బండి కడిగించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది."

ముక్కు చిట్లించి, రుమాలు అంచుతో వేళ్ళు తుడుచుకున్నాడు. టైర్లక్క మొహం తిప్పుకుంది. చచ్చింది కుక్కే కావచ్చు. చెప్పడానికైనా ఒక పద్ధతి ఉండదూ?

ఎడమ చక్రం విప్పింది. పైపు పెట్టి బురదంతా కడిగింది. అరచెయ్యి ఒక వైపుకి రాస్తే పట్టులా జారింది, ఎదురు రాస్తే రంపంలా గీరింది. లోపలి సగం నున్నగా ఉంది. బయటి సగంలో గీతలు ఇంకా కొత్తవే. ఆ గీతల్ని కోసుకుంటూ, ఏ రాయి చీల్చిందో, కొడవలిలా వంకర గాటు.

తడి టైరుని నిలబెట్టి గోడ వైపు దొర్లించింది. పొడి సిమెంటు నేల మీద దాని అచ్చు పడుతూ వెళ్ళింది.

సగం దూరంలో ఆమె చెయ్యి ఆగిపోయింది.

జాకీ దగ్గరున్న నాన్న తల తిప్పి నేల వంక చూశాడు. చేతిలో రాడ్డు జారి ఖంగుమంది. ఉన్నచోటే కూలబడ్డాడు.

"ఏమైంది పెద్దాయనకి?" కుర్చీలోంచి లేవకుండానే అడిగాడు కారాయన.

"ఏం లేదండీ, షుగరు," అంది టైర్లక్క.

"కొత్త టైరు వేసెయ్యమ్మా. ఆ పాతది నువ్వే ఎక్కడైనా పారెయ్. మళ్ళీ నా కంటపడకూడదు. చూస్తేనే అసహ్యం."

"నాకూ అంతేనండీ."

నాన్న భుజం పట్టుకుని లేపింది. చెవిలో మెల్లగా చెప్పింది, "గేటు వెయ్యి నాన్నా. తాళం కూడా."

తడి చేత్తోనే ఫోను తీసింది.

"ఎవరికమ్మా?"

"ఈ టైరుని చూడాల్సినవాళ్ళు ఉన్నారండీ. కూర్చోండి, వచ్చేస్తారు."

సగం నునుపు, సగం గీతలు, వాటిని కోస్తూ ఒక వంకర గాటు, ఈ అచ్చుని ఆ తండ్రీకూతుళ్ళు ఇంతకుముందు ఒకే ఒక్కసారి చూశారు, మొన్న వానల్లో ఆసుపత్రివాళ్ళు మడిచి చేతికిచ్చిన తమ్ముడి తెల్లచొక్కా వీపు మీద.