కదలని అంకె

ఆ కాలానికి ప్రతి బావికీ ఇనుప మూత వచ్చింది. లోపలి గాలిని సెన్సర్ చదివి, కంప్యూటర్ సరేనన్నాకే అది తెరుచుకునేది. దీపం దించి గాలిని పరీక్షించే అలవాటు ఊళ్లో ఎప్పుడో పోయింది.

దసరా మరునాడు పూడిక తీయడానికి ఓబులేసు బావిలోకి దిగుతున్నాడు. అతని భార్య సుంకమ్మ సెన్సర్ వైరును అతనికన్నా ముందుగా కిందికి వదులుతూ, గట్టు మీద తెర చూస్తూ కూర్చుంది. తెర మీద ప్రాణవాయువు ఇరవై పాయింట్ తొమ్మిది శాతం. అతను సగం దూరం దిగినా అదే అంకె. ఎంత మంచి గాలిలోనైనా అది కాస్త అటూ ఇటూ ఊగుతుంది.

"ఆడనే నిలబడు," అంది.

"మిషనేమో దిగమంటాంది, నువ్వేమో వద్దంటాండావు. ఎవురి మాట ఇనాల?"

"నా మాట ఇను. ఒగ మెట్టు గూడా దిగొద్దు."

వైరు చకచకా పైకి లాగి, సెన్సర్‌ను నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా ఊపిరి వదిలింది. విడిచిన ఊపిరి తగిలితే తగ్గాల్సిన అంకె కదల్లేదు.

"ఎక్కి రా. నీకు దండం పెడతా."

ఆ గొంతు విని అతను గబగబా పైకొచ్చాడు.

సెన్సర్‌లోకి గాలి వెళ్లే జాలీ నిండా పసుపు గడ్డకట్టి ఉంది. నిన్న ఆయుధపూజలో పారకూ గడ్డపారకూ పెట్టినట్టే దానికీ ఆమే పసుపు రాసి బొట్టు పెట్టింది. ఇప్పుడు గోటితో గీకి, తడిగుడ్డతో తుడిచి, మళ్లీ బావిలోకి వదిలింది. అంకె ఊగింది. తగ్గుతూ తగ్గుతూ ఎర్రబడింది. ఆమె వైరు వదలడం ఆపింది.

వైరు ఎందాకా దిగిందో ఓబులేసు వంగి చూశాడు.

"నేను నిలబడిన మెట్టుకు రెండు మెట్లు కింద," అన్నాడు మెల్లగా.